టవరు డబ్బుల లెక్క సరే, నిప్పు లెక్క ఎవరు రాస్తారు?

హైటెన్షన్ లైన్ల మీద మన సంఘం పెట్టిన మీటింగుల్లో ఎక్కువ వాటికి నేను హాజరైనవాణ్ణే. కలెక్టరాఫీసు ముందు ఎండలో కూర్చున్నాను, సర్వే రాళ్ళు పాతేవాళ్ళకు అడ్డంగా నిలబడ్డాను. అన్ని చోట్లా మనం మాట్లాడింది ఒకటే, రేటు. టవరు కింద సెంటుకెంత, తీగ కింద ఎకరాకెంత, చీనీ చెట్టుకెంత, మామిడి చెట్టుకెంత. ఇందులో తప్పేమీ లేదు. భూమి పోయినవాడు రేటు అడక్క ఏమి అడుగుతాడు? కానీ ఒక విషయం మన ఎజెండా కాగితాల్లో ఏనాడూ కనబడలేదు. ఆ పని మన పొలంలో ఎట్లా చేస్తారు అనేది. నిప్పు ఎక్కడ పెడతారు, దుమ్ము ఎవరి పంట మీద పడుతుంది, టిప్పర్లు ఏ దోవన పోతాయి, వెల్డింగు ఏ వేళలో చేస్తారు? వీటిని చిన్న విషయాలనుకున్నాం. రెండేళ్ళ కింద మార్చి నెలలో మా ఊళ్ళో జరిగింది చూసినాక అవి చిన్నవి కావని నాకు తెలిసొచ్చింది.

మాది అనంతపురం వైపు మెట్ట ఊరు. సోలార్ పార్కుల నుంచి, గాలిమరల నుంచి కరెంటు తీసుకుపోయే లైన్లు ఈ పదేళ్ళలో మా చుట్టుపక్కల ఎన్ని పడ్డాయో లెక్క పెట్టడం మానేశాం. ఆ ఏడు పడిన లైను మా ఊరి తూర్పు దిక్కున వంక దాటి పోతుంది. తీగ దారిలో సీమజాలి కంప దట్టంగా ఉండేది. జేసీబీ పెట్టి దాన్నంతా పెరికి, నాలుగైదు చోట్ల కుప్పలు వేశారు. పది రోజుల్లో కుప్పలు ఎండి గలగలమన్నాయి. ఒక మధ్యాహ్నం రెండు గంటలప్పుడు సబ్ కాంట్రాక్టరు మనుషులు ఒక కుప్పకు నిప్పు పెట్టారు. నేను అటు దోవన పోతూ ఆగి అడిగాను.

"ఏమన్నా, గాలి ఇట్లా కొడ్తాంటే కంపకు నిప్పు పెడ్తారా?"

"ఐదు నిమిషాల్లో అయిపోతుంది అన్నా, రేపు ఇక్కడికి తీగ లాగే మిషన్ రావాల" అన్నాడు మేస్త్రీ.

ఐదు నిమిషాల్లో అయింది ఇది. మంట గట్టు మీది ఎండు గడ్డికి అంటుకుంది. గట్టు పట్టుకుని పక్క చీనీ తోటలోకి పోయింది. తోటలో అడుగున ఎండిన కలుపు ఉంది, దాని కింద డ్రిప్పు పైపులు ఉన్నాయి. నిప్పు తగిలితే డ్రిప్పు పైపు ఎట్లా పోతుందో తోటలున్నవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. వరుస వరుసే కరిగి పోయింది. ఊళ్ళోవాళ్ళం కానుగ మండలు, వేప మండలు విరుచుకుని కొట్టాం. ఒకరు ట్రాక్టరు తెచ్చి అడ్డంగా చాలు తోలబట్టి ఊరి దిక్కు రాకుండా ఆగింది. 101కి ఫోను చేస్తే ఫైరింజను బయలుదేరింది గానీ, అది రావాల్సింది పట్నం నుంచి. వచ్చేసరికి మూడెకరాల చీనీ, తోట పక్కన వేసిన వేరుశనగ కట్టె వాము రెండూ పోయినాయి. ఆ వాము, తోట కౌలుకు చేస్తున్న ఒక ఆడమనిషిది. ఆమెకు రెండు ఎనుములున్నాయి. ఆ ఏడు వర్షాకాలం వచ్చేదాకా వాటికి ఉన్న మేత అదే.

తర్వాత జరిగింది ఇంకా చెప్పుకోవాల్సిన సంగతి. రెవెన్యూవాళ్ళు వచ్చారు, లైను తరఫు మనిషి వచ్చాడు. వాళ్ళ దగ్గర నష్టపరిహారం జాబితా ఉంది. తీగ కింద పోయే చెట్లు, టవరు కింద పోయే పంట అందులో ఉన్నాయి. కాలిన తోట తీగ దారికి నూట యాభై మీటర్లు అవతల ఉంది. "ఇది మా కారిడార్ బయట" అన్నాడాయన. "ఎండాకాలం మంటలు ఊరికే లేస్తుంటాయి, ఏ గొర్రెల కాపరో బీడీ పారేసుంటాడు" అని కూడా అన్నాడు. కౌలుకు చేసే అక్క ఒకటే అడిగింది. "సార్, నా గడ్డి ఏ లిస్టులో ఉంది?" ఎవరూ జవాబు చెప్పలేదు. భూమి యజమానికి తోట కాలినందుకు ఏదో బతిమాలి, బెదిరించి కొంత డబ్బు చేతిలో పెట్టించాం. కాగితం లేదు, రసీదు లేదు. ఆమెకు అది కూడా రాలేదు. ఏప్రిల్లో ఒక ఎనుమును అమ్మేసింది.

ఆ రోజు మా తప్పు కూడా ఉంది, రాస్తాను. మంట ఆరినాక అందరం అలిసిపోయి ఇంటికి పోయాం. ఎవరూ ఫోటో తీయలేదు. కుప్పలో నిప్పు మొదలైన చోటు మర్నాడు పొద్దున జేసీబీతో చదును చేసేశారు. పోలీసు కంప్లైంటు నాలుగు రోజులకు రాశాం. ఫైరింజను వచ్చి పోయిందని ఫైరాఫీసు సర్టిఫికెట్ ఇస్తుందని మాలో ఎవరికీ తెలియదు. అదుంటే కనీసం తేదీ, వేళ, చోటు ప్రభుత్వ కాగితం మీద ఉండేవి.

ఇంతకూ చట్టం ఏమంటుంది? కరెంటు లైను వేసే సంస్థకు 2003 విద్యుత్ చట్టం 164వ సెక్షను కింద పాత టెలిగ్రాఫ్ చట్టంలోని అధికారాలు ఇస్తారు. ఆ చట్టం 1885 నాటిది, తెల్లదొరలు తంతి తీగలు వేసుకోవడానికి చేసుకున్నది. 2023లో కొత్త టెలికాం చట్టం తెచ్చి పాతదాన్ని తీసేసినా, కరెంటు లైన్ల వరకు ఆ పాత చట్టం మూడో భాగం నడుస్తుందని అందులోనే రాసిపెట్టారు. మన అనుమతి లేకుండానే మన పొలంలో టవరు పాతుతున్నారంటే బలం ఇదే. దీని మీద మనకున్న కోపం న్యాయమైనదే. అయితే కోపంలో మనం పదో సెక్షను చివరి మాటలు సరిగ్గా చదవలేదు. ఈ అధికారాలు వాడేటప్పుడు సాధ్యమైనంత తక్కువ నష్టం చేయాలి, అధికారం వాడినందువల్ల నష్టపోయిన, సంబంధమున్న వాళ్ళందరికీ పూర్తి పరిహారం ఇవ్వాలి అని అందులో ఉంది.

ఈ మాటలను నిదానంగా చదవండి. తీగ కింద ఉన్నవాళ్ళకే అని లేదు. పట్టాదారుకే అని లేదు. పని చేయడంవల్ల నష్టపోయిన వాళ్ళందరూ అని ఉంది. నూట యాభై మీటర్ల అవతల కాలిన తోట ఇందులోకి ఎందుకు రాదు? కౌలు చేసే అక్క గడ్డివాము ఎందుకు రాదు? కారిడార్ అనేది వాళ్ళ ఇంజనీర్లు తీగ ఊగే దూరం లెక్కగట్టి గీసుకున్న గీత. 400 కె.వి. లైనుకు 46 మీటర్లు, 765 కె.వి. లైనుకు 67 మీటర్లు అని పెట్టుకున్నారు. నిప్పుకు, దుమ్ముకు ఆ గీత తెలియదు. పరిహారం సరిపోలేదని తగువు వస్తే పదహారో సెక్షను కింద జిల్లా జడ్జి దగ్గరికి పోవచ్చు. ఆ దారిన పోయినవాళ్ళు మనలో తక్కువ. పోయినవాళ్ళు కూడా చెట్ల రేటు మీదనే పోయారు.

కేంద్ర విద్యుత్ శాఖ 2024 జూన్‌లో పరిహారం మార్గదర్శకాలు మార్చింది. 66 కె.వి., ఆ పైన టవర్ల మీద పోయే లైన్లకు ఇవి వర్తిస్తాయి. టవరు నాలుగు కాళ్ళ మధ్య జాగాకు, దాని చుట్టూ మీటరు మేర కలిపి, భూమి విలువకు 200 శాతం ఇవ్వాలి. తీగ కింద కారిడార్‌కు 30 శాతం ఇవ్వాలి. అంతకుముందు 2015 నాటి మార్గదర్శకాల్లో ఇవి 85 శాతం, 15 శాతం మాత్రమే. ఇది దేశంలో రైతుల పోరాటంవల్ల వచ్చిందే, కాదనను. రాష్ట్రాలు వీటిని స్వీకరించి అమలు చేసేలా మనం ఒత్తిడి తేవడం ఆపకూడదు. కానీ ఈ డబ్బు భూమి విలువ తగ్గినందుకు. పని జరిగేటప్పుడు నిప్పు పడితే, దుమ్ము పడితే వచ్చే నష్టం దీంట్లో లేదు. "మీకు 200 శాతం ఇచ్చాం కదా, ఇంకేమి" అనే మాట రేపు వస్తుంది. ఇప్పుడే దానికి జవాబు సిద్ధం చేసుకోవాలి.

ఇక నిప్పు ఎందుకు పుడుతుందో చూద్దాం. లైను పని ఎప్పుడు జరుగుతుంది? పంట కోసుకున్నాక, జనవరి నుంచి జూన్ లోపల. ఆ కాలంలోనే చేయమని మనమే అడుగుతాం, పంట పాడవకుండా ఉండాలని. కాంట్రాక్టరుకూ అదే కావాలి. పంట నష్టం తక్కువ కట్టాలి, నల్లరేగడిలో టిప్పరు కూరుకుపోదు. ఇద్దరికీ అనుకూలమైన ఆ కాలమే గట్లు, కొండవాలు, వంకలు ఎండి ఉండే కాలం. కాలం మార్చమని నేను అనను, వానాకాలంలో చేస్తే పంట తొక్కేస్తారు. అందుకే నిప్పు జాగ్రత్త అనేది ఈ పనిలో అదనపు మర్యాద కాదు, పనిలో భాగం కావాలి అంటున్నాను.

పని దగ్గర కూర్చుని చూస్తే నిప్పు పుట్టే చోట్లు తెలిసిపోతాయి. అన్నిటికంటే పెద్దది నరికిన కంపను తగలబెట్టడమే, మా ఊరిలో జరిగినట్టు. రెండోది వెల్డింగు. టవరు కింది భాగం బోల్టులు దొంగలు విప్పకుండా వెల్డింగ్ పెడతారు. ఆ రవ్వలు పైనుంచి ఎండు గడ్డి మీద రాలతాయి, అవి ఎంత దూరం పడతాయో గాలిని బట్టి ఉంటుంది. గ్యాస్ కటింగ్ కూడా అంతే. మూడోది, కొత్త తీగ లాగేటప్పుడు అడ్డంగా ఉన్న మన 11 కె.వి. లైను. సబ్‌స్టేషన్లో ఎల్‌సీ తీసుకుని, కరెంటు ఆపించి, తీగ కిందికి జారకుండా కట్టెల కమాను కట్టి లాగాలి. ఎల్‌సీ కోసం గంటలు ఆగాలని కొందరు తొందరపడతారు. పైతాడో తీగో జారి ఉన్న లైను మీద పడితే నిప్పు రవ్వలతో పోతే అదృష్టం, మనుషుల ప్రాణాలే పోతాయి. ఇంకా డీజిలు క్యాన్లు నీడ ఉందని చెట్టు కింద పెట్టడం, జనరేటరు పక్కనే గడ్డి ఉండటం, ఇట్లాంటివి.

వంటపొయ్యిల సంగతి వేరుగా చెప్పాలి. టవరు ఎక్కి పని చేసే కుర్రాళ్ళు చాలామంది బెంగాల్, జార్ఖండ్ నుంచి వస్తారు. పొలంలో టార్పాలిన్ వేసుకుని, మూడు రాళ్ళు పెట్టి కట్టెలతో వండుకుంటారు. నిప్పు పడితే మన ఊళ్ళవాళ్ళు ముందు వాళ్ళ మీదికి పోతారు. అది తప్పు. వాళ్ళకు గ్యాస్ స్టవ్, సిలిండరు ఇవ్వాల్సింది కాంట్రాక్టరు. వాళ్ళూ కూలివాళ్ళే, అంత ఎత్తు ఎక్కి పని చేస్తూ తాడు తెగితే శవమై ఇంటికి పోయేవాళ్ళు. రైతు సంఘం వాళ్ళను శత్రువులుగా చూడకూడదు. మా ఊరి మంటలో మండలు పట్టుకుని మాతో సమానంగా కొట్టింది వాళ్ళే, మేస్త్రీ కాదు.

దుమ్ము సంగతికి వస్తే, చాలామంది నవ్వుతారు. "రైతుకు దుమ్మేమిటయ్యా, మనం మడక కట్టినా దుమ్ము లేస్తుంది" అని ఒక పెద్దాయన నాతోనే అన్నారు. నిజమే. మన దుమ్ము రెండు రోజులు. వాళ్ళ దుమ్ము నెలల తరబడి. 400 కె.వి. లైనులో సుమారు 400 మీటర్లకో టవరు వస్తుంది, అంటే కిలోమీటరుకు రెండున్నర. ఒక్కో టవరుకు నాలుగు గుంతలు, నేలను బట్టి నిలువెత్తుకు మించిన లోతు. మట్టి బయట పోస్తారు. కంకర, ఇసుక, సిమెంటు, ఇనుము, నీళ్ళు, అన్నీ బండిబాట మీదనే పోవాలి. ఎర్రనేల బండిబాట మీద టిప్పర్లు వారం తిరిగితే మట్టి పిండి అవుతుంది. కాలు పెడితే చీలమండ దాకా దిగుతుంది. ఆ పిండి లేచి పక్క చేను మీద కూర్చుంటుంది.

మా పక్క ఊరిలో మల్బరీ వేసినవాళ్ళున్నారు. పట్టుపురుగుకు దుమ్ము పట్టిన ఆకు వేస్తే సరిగా తినదు, రోగం తగులుతుంది. ఆకు కడిగి ఆరబెట్టి వేయాలంటే కూలి ఎవరిస్తారు? తడి ఆకు వేసినా పురుగుకు పడదు. ఒక బ్యాచి పురుగు పాడైతే ఆ నెల పోయినట్టే. ఇది ఏ నష్టం జాబితాలో రాస్తారు? చెట్టు నరకలేదు, పంట తొక్కలేదు. పూత మీదున్న మామిడికి, చీనీకి, దానిమ్మకు దుమ్ము పడితే ఏమవుతుందో తోటలవాళ్ళకు తెలుసు. కళ్ళంలో ఆరబోసిన వేరుశనగ కాయ మీద, మిరప మీద పడితే వ్యాపారి రేటు తగ్గించడానికి సాకు దొరికినట్టే.

మనుషుల ఊపిరి ఇంకొక సంగతి. గాలిలో సన్న దుమ్ము 24 గంటల సగటున ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు దాటకూడదని 2009 నుంచి దేశంలో ప్రమాణం ఉంది. ఇంకా సన్నదైతే 60 దాటకూడదు. గాలి శుభ్రం చేసే జాతీయ పథకం 2019లో మొదలైంది. దాని జాబితాలో మన సీమ పట్టణాలు అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు ఉన్నాయి. నిర్మాణ పనుల దుమ్ము మీద కేంద్ర పర్యావరణ శాఖ 2018లో నిబంధనలు తెచ్చింది. మట్టి కుప్పల మీద కప్పు వేయాలి, నీళ్ళు చల్లాలి, ఇసుక సిమెంటు లారీలకు టార్పాలిన్ కట్టాలి అని. అవన్నీ పట్టణాలను దృష్టిలో పెట్టుకుని రాసినవి. మన ఊళ్ళో గాలి కొలిచే మిషను లేదు గనుక మన గాలి చెడిపోయినట్టు ఏ కాగితం మీదా ఉండదు. పైగా కరెంటు లైన్లకు పర్యావరణ అనుమతి అవసరమే లేదు. 2006 నోటిఫికేషన్ జాబితాలో అవి లేవు. అడవిలో పోతే అటవీ అనుమతి కావాలి. మన పొలాల్లో పోతే ప్రజాభిప్రాయ సేకరణ అనేది కూడా ఉండదు. అడిగేవాడు లేని చోట మనమే అడగాలి.

రాతినేలలో ఇంకా ఘోరం. టవరు గుంత రాతిలో పడితే కంప్రెషరు పెట్టి డ్రిల్లు కొడతారు, అవసరమైతే మందు పెట్టి పేలుస్తారు. పొడిగా డ్రిల్లు కొడితే తెల్లగా లేచే రాతి దుమ్ము పనివాళ్ళ ఊపిరితిత్తుల్లోకి పోయి సిలికోసిస్ అనే జబ్బు తెస్తుంది. దానికి మందు లేదు. రాతి పని చేసే ఊళ్ళవాళ్ళకు ఆ దగ్గు ఎట్లా ఉంటుందో తెలుసు. డ్రిల్లుకు నీళ్ళు పెట్టి కొడితే దుమ్ము చాలా వరకు అణగుతుంది. నీళ్ళ ట్యాంకరు ఖర్చు దాచుకోవడానికి మనుషుల ఊపిరి తీస్తున్నారు.

ఇన్ని చెప్పాను గనుక మనవాళ్ళు వేసే ప్రశ్న కూడా చెప్తాను. "మీరు లైనును ఆపే మాట వదిలేసి, లైను శుభ్రంగా వేయమని అడుగుతున్నారు. ఇది లొంగిపోవడం కాదా?" మన జిల్లా కమిటీలోనే ఒక మిత్రుడు ఇట్లా అడిగాడు. నా జవాబు ఇది. లైను దారి మార్చమని, ప్రభుత్వ భూమి మీదుగా, రోడ్ల వెంట పొమ్మని పోరాడటం ముందు జరగాలి, సర్వే దశలోనే. అక్కడ గెలిస్తే మంచిదే. గెలవని చోట, టవరు పడటం ఖాయమైన చోట, మనం రేటు మాట్లాడుకుని తలుపు వేసుకుని ఇంట్లో కూర్చుంటున్నాం. నేను అడిగేది ఆ ఖాళీని నింపమని. రేటు కోసం పోరాడిన రైతు పక్కనే, రేటుతో సంబంధం లేని కౌలు రైతు, పశువులున్న ఆడమనిషి, బాట పక్కన బడికి పోయే పిల్లలు ఉన్నారు. వాళ్ళ కోసం మన సంఘం ఏమి అడిగింది ఇప్పటిదాకా?

ఇంకొక మాట, ఇది మనకే. మనం కూడా గట్లు కాలుస్తాం, కంది కట్టె కాలుస్తాం, చెరుకు ఆకు కాలుస్తాం. కాంట్రాక్టరు మనిషి అదే చూపించి "మీరు చేస్తే తప్పు కాదా" అంటాడు. అది విని నోరు మూసుకోవాల్సిన పని లేదు గానీ, మనం మానుకుంటే మన మాటకు బలం వస్తుంది. కనీసం ఎండాకాలం మధ్యాహ్నాల్లో మానుకుందాం.

అడగాల్సినవి పెద్ద ఖర్చు ఉన్నవి కావు. పెరికిన కంపను కాల్చకూడదు. లావు కట్టె కొనేవాళ్ళు ఎటూ ఉన్నారు, బొగ్గుకు పోతుంది. సన్న కంపను రైతులకు కంచెలకు ఇస్తే ఎత్తుకుపోతారు, మిగిలింది ముక్కలు చేసే మిషన్లో వేసి నేలలో కలపవచ్చు. పని చోటు చుట్టూ, కుప్పల చుట్టూ, మొదటి రోజే ట్రాక్టరుతో గడ్డి లేకుండా నాలుగు మీటర్ల వెడల్పు చాళ్ళు తోలాలి. అడవి శాఖవాళ్ళు నిప్పు దాటకుండా గీతలు కొట్టేది ఇట్లాగే. వెల్డింగు, కటింగు గాలి లేవకముందు పొద్దున చేయాలి, కింద తడి గోనెలు పరవాలి, ఒక మనిషి నీళ్ళ డ్రమ్ముతో నిలబడాలి, పని అయినాక కూడా ఒక గంట అక్కడే ఉండాలి. రవ్వ గడ్డిలో దాగి గంటకు లేస్తుంది, ఇది అనుభవమున్న వెల్డరే చెప్తాడు. పని జరిగే ప్రతి చోటా ఒక ట్యాంకరు నీళ్ళు, మోటారు, పైపు ఉండాలి. అదే ట్యాంకరు బండిబాటకు పొద్దున సాయంత్రం నీళ్ళు చల్లుతుంది, ఊరి దగ్గర, బడి దగ్గర ముఖ్యంగా. తవ్విన మట్టి నెలల తరబడి వదలకుండా కాంక్రీటు అయిన వెంటనే పూడ్చాలి. పైమట్టి వేరుగా పెట్టి పైన వేయాలి. లేకుంటే కిందినుంచి వచ్చిన సుద్ద పైకి వచ్చి నాలుగేళ్ళు ఏమీ పండదు. సిమెంటు సంచులు, ప్లాస్టిక్ తీసుకుపోవాలి. వాటిని కంపలో వేసి తగలబెట్టడం నేను చూశాను. చెత్తను బయట తగలబెట్టకూడదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులో దేశమంతటికీ ఉత్తర్వు ఇచ్చింది, చిన్నదైతే 5,000, పెద్ద ఎత్తున అయితే 25,000 రూపాయల జరిమానా అని. కంప చెత్త కాదని వాదిస్తారేమో, సిమెంటు సంచి చెత్త కాదనలేరు కదా.

ఇవన్నీ ఎక్కడ రాయించాలి? మన చేతిలో ఉన్న సందు ఒకటుంది. రైతు అడ్డుకుంటే సంస్థ పదహారో సెక్షను కింద కలెక్టరు దగ్గరికి పోతుంది. కలెక్టరు తన విచక్షణ మీద ఉత్తర్వు ఇవ్వవచ్చు అని చట్టం మాట. విచక్షణ అంటే కళ్ళు మూసుకుని సంతకం పెట్టడం కాదు. ఆ విచారణకు మనల్ని పిలిచినప్పుడు మనం రేటు కాగితంతో పాటు నిప్పు, దుమ్ము షరతుల కాగితం కూడా ఇవ్వాలి. ఉత్తర్వులో ఈ షరతులు చేర్చమని, కారిడార్ బయట నష్టాన్ని కూడా లెక్కగట్టమని, కౌలు రైతు పేరు రాయమని రాతపూర్వకంగా అడగాలి. ఒప్పుకుంటే పని. ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోలేదో కాగితం మీద ఉంటుంది, జిల్లా జడ్జి ముందు అదే మన సాక్ష్యం. కౌలు రైతులు 2019 చట్టం కింద పంట సాగుదారు కార్డు తీసుకుని ఉంటే మన వాదనకు బలం. అది పదకొండు నెలలదే గనుక పని జరిగే ఏడాదిది చేతిలో ఉండాలి. యజమాని సంతకానికి ఒప్పుకోకపోతే సంఘం మధ్యలోకి పోవాలి.

నిప్పు పడిన రోజు చేయాల్సినవి కూడా ఊరి కమిటీలో ఇద్దరికైనా తెలిసి ఉండాలి. ముందు 101. ఆ పైన ఫోనుతో ఫోటోలు, నిప్పు మొదలైన చోటు, అక్కడున్న బండ్ల నంబర్లు. ఆ రోజే పోలీసు స్టేషనులో రాసివ్వడం. నిప్పుతో నిర్లక్ష్యంగా వ్యవహరించడం భారతీయ న్యాయ సంహిత 287వ సెక్షను కింద నేరం. శిక్ష చిన్నదే, ఆరు నెలల దాకా జైలు లేదా రెండు వేల దాకా జరిమానా, లేక రెండూ. శిక్ష కంటే ఎఫ్ఐఆర్ ముఖ్యం మనకు. ఫైరాఫీసు సర్టిఫికెట్. వీఆర్వోతో పంచనామా, అందులో పైపులు, మేత, కాలిన చెట్ల వయసు అన్నీ వేరువేరుగా.

విదేశాల్లో ఒక కేసు చదివాను. 2018 నవంబరులో అమెరికాలోని కాలిఫోర్నియాలో దాదాపు వందేళ్ళ నాటి టవరు కొక్కెం అరిగి తెగి, తీగ తగిలి నిప్పు లేచి, పారడైజ్ అనే ఊరు ఊరంతా కాలిపోయింది. 85 మంది చనిపోయారు. 2020లో ఆ కరెంటు కంపెనీ కోర్టులో నేరం ఒప్పుకుంది. అది నడుస్తున్న లైను, మనది కొత్తగా పడుతున్నది, పోలిక పూర్తిగా కుదరదు. కానీ అక్కడ నిప్పు ఎక్కడ పుట్టిందో అరిగిన కొక్కెం దాకా వెతికి పట్టుకున్నారు. ఇక్కడ మర్నాడే జేసీబీతో చదును చేసేశారు, మనం చూస్తూ ఊరుకున్నాం.

మా మండలంలో ఇంకొక లైనుకు సర్వే రాళ్ళు పడ్డాయి. మూడు ఊళ్ళ మీదుగా పోతుంది, ఒక ఊరిలో బడికి వంద గజాల దూరంలో బండిబాట ఉంది. కంది కోతలు కాగానే మొదటి గుంత తవ్వుతారని చెప్తున్నారు. షరతుల కాగితం ముసాయిదా మా మండల కమిటీ రాస్తోంది. మీ వైపు లైను పని జరిగినప్పుడు నిప్పు పడి ఉంటే, దుమ్ముతో పంట దెబ్బతిని ఉంటే, ఏ కాగితం దొరికినా దాని నకలు సంఘం జిల్లా ఆఫీసుకు పంపండి. కాగితం లేకపోతే జరిగింది ఒక పేజీలో రాసి, తేదీ వేసి, ఇద్దరు సాక్షుల సంతకాలతో పంపినా చాలు. కౌలుకు చేసే అక్క తన పేజీ రాసిచ్చింది. వాము కొలతలు, ఎన్ని బండ్ల కట్టె, ఎనుమును ఎంతకు అమ్మింది, అన్నీ అందులో ఉన్నాయి.